మీ ప్రశ్న – మా జవాబు: తాళం వేసిన ఇల్లు

ప్రశ్న: బెంగళూరుకు వలస వెళ్తున్న వేరుశనగ రైతు కుటుంబాల మీద ఎం.ఏ. ప్రాజెక్టు చేస్తున్నాను. అనంతపురం బస్టాండులో 200 మందిని అడిగి ప్రశ్నపత్రాలు నింపాను. మా మాస్టారు ‘ఇది నమూనా కాదు, ఈ 200 మంది వలస కుటుంబాలన్నిటి తరఫునా నిలవరు’ అన్నారు. ఇంకో 300 మందిని అడిగితే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: సరిపోదమ్మా. బస్టాండులో నీకు దొరికేది ఆ రోజు ప్రయాణం పెట్టుకుని, నీతో మాట్లాడే తీరిక ఉన్నవాళ్లు. అలాంటివాళ్లనే ఇంకో 300 మందిని చేరిస్తే కాగితాల బరువు పెరుగుతుంది, అంతే. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు, ఓటు ఎవరికని అడుగుతూ లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని నమ్ముకుని, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు! పేర్లు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాల నుంచి, అంటే కలిగినవాళ్ల నుంచి తీశారు మరి.

నువ్వు పల్లెకు వెళ్లు. ఏ పల్లె అన్నది కూడా చీటీలు వేసి తేల్చుకో, చుట్టాలున్న ఊరని వెళ్లకు. వీధి వీధీ తిరిగి ఇళ్లకు నువ్వే వరుస నంబర్లు వేసుకో. 600 ఇళ్లుండి 60 కావాలంటే పదింటికి ఒకటి. ఒకటి నుంచి పది వరకు చీటీలు వేసి, ఏడు వస్తే 7, 17, 27... ఇలా పోవాలి. మన ఊళ్లలో కులానికో వీధి కదా, వరుసగా నడిస్తే ఊరి చివరి కాలనీ కూడా తప్పిపోదు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. నేను సర్వే పనిలో చేరిన కొత్తలో రాయదుర్గం వైపు ఒక పల్లెకు వెళ్లాను. మండుటెండ. తాళం వేసిన ఇల్లు వచ్చినప్పుడల్లా పక్కింటివాళ్లను రాసుకుని సాయంత్రానికి పని ముగించాను. మా పై అధికారి కాగితాలు తిరగేసి, ‘ఈ ఊళ్లో వలస వెళ్లినవాళ్లే లేరా?’ అని అడిగారు. వెళ్లినవాళ్ల ఇళ్లకే కదా నేను పక్కిల్లు రాసింది! తల ఎత్తలేకపోయాను.

కాబట్టి 27వ ఇంటికి తాళం ఉంటే 28కి వెళ్లకు. పక్కవాళ్లను అడిగి ఫోన్ నంబరు తీసుకో, ఉగాదికో జాతరకో వాళ్లు ఊరికి వచ్చినప్పుడు మళ్లీ వెళ్లు. అప్పటికీ దొరకకపోతే ఎన్ని ఇళ్లు అలా మిగిలాయో ప్రాజెక్టులో దాచకుండా రాయి.

బస్టాండు కాగితాలు పారేయకు. ఏ ప్రశ్న దగ్గర జనం తడబడ్డారో వాటిలో చూసుకుని ప్రశ్నలు సరిదిద్దుకో. వాటి నుంచి శాతాలు మాత్రం కట్టకు.