పర్చేజ్ వాళ్లకు ఏ కోర్సు కొనాలి?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. పర్చేజ్, స్టోర్స్ కలిపి తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లకు ఆన్‌లైన్ ట్రైనింగ్ ఇప్పించమని మేనేజ్‌మెంట్ బడ్జెట్ ఇచ్చింది. వందలాది వీడియోలున్న ఏడాది ప్యాకేజీ ఒకటుందని, తలకింత అని రేటు చెప్పి ఒకాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. తీసుకోమంటారా?
– పర్చేజ్ మేనేజర్, చిత్తూరు

జవాబు: ఏమనుకోకండి, ఒక మాట అడుగుతాను. డ్రమ్ములు కొనేటప్పుడు స్పెసిఫికేషన్ రాయకుండా కొటేషన్లు పిలుస్తారా? ట్రైనింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అమ్మేవాడు పంపిన బ్రోచర్‌నే ముందు పెట్టుకుని కూర్చున్నారు.

ఆయన ఫోను రెండు రోజులు పక్కన పెట్టి, పోయిన సీజన్ పర్చేజ్ ఆర్డర్ల ఫైళ్లు తీయండి. అర్జెంటని ఒక్క కొటేషన్‌తోనే కొన్నవి ఎన్ని, సీజన్ అయ్యాక స్టోర్స్‌లో మిగిలిపోయిన అసెప్టిక్ బ్యాగులూ (గుజ్జు నింపే క్రిమిరహిత సంచులు) స్పేర్లూ ఎంత విలువ చేస్తాయి, సప్లయర్ రిటర్న్ వేయక జీఎస్టీఆర్-2బీలో (మనం కొన్నవాటి మీద వచ్చే పన్ను క్రెడిట్ చూపే జీఎస్టీ పట్టీలో) కనిపించని బిల్లులు ఎన్ని, ఇవి చూస్తే డబ్బు ఎక్కడ కారిపోతోందో మీకే తెలుస్తుంది. ఎవరికి ఏం నేర్పించాలో కూడా అక్కడే తేలుతుంది. స్టోర్స్ కుర్రాడికి కావలసింది ఎక్సెల్‌లో రీఆర్డర్ లెవెల్ (ఎంత మిగిలినప్పుడు మళ్లీ ఆర్డర్ పెట్టాలో), సేఫ్టీ స్టాక్ (అవసరానికి పక్కన ఉంచే నిల్వ) లెక్క వేయడం, అంతే. అతనికి స్ట్రాటజిక్ సోర్సింగ్ వీడియో పెడితే రెండో రోజే నిద్రపోతాడు, తప్పు అతనిది కాదు. తొమ్మిది మందికీ ఒకే ప్యాకేజీ వద్దు.

శాంపిల్ పాఠం చూడకుండా డబ్బు కట్టొద్దు. మీకు విదేశాల నుంచి మెషినరీ విడిభాగాలు వస్తుంటే ఇన్‌కోటర్మ్స్ పాఠం అడగండి, అంటే విదేశీ వ్యాపారంలో ఖర్చు, రిస్కు ఎవరివో చెప్పే పదాలు. 2020 రూల్స్‌లో మొత్తం 11 పదాలున్నాయి. వాటిని స్లైడు మీద వరసగా చదివేసి క్విజ్ పెట్టేది ఒక రకం పాఠం. సీఐఎఫ్ (ధరలోనే ఇన్సూరెన్స్, ఫ్రైట్ కలిసిన పద్ధతి) మీద కొన్న సరుకు సముద్రంలో పాడైతే నష్టం ఎవరిదని అడిగేది ఇంకో రకం. ఫ్రైట్, ఇన్సూరెన్స్ అమ్మినవాడే కడతాడు కదా, బాధ్యత కూడా వాడిదేనని ఎక్కువమంది అనేస్తారు. కాదు, సరుకు అక్కడి పోర్టులో ఓడెక్కిన క్షణం నుంచి రిస్కు మనదే. ఇలా ఒక కేసు పట్టుకుని విప్పి చెప్పే కోర్సయితే రేటు కాస్త ఎక్కువైనా కొనొచ్చు.

విదేశీ కోర్సుల్లో మన చట్టాలు ఉండవు, అది గుర్తుంచుకోండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొన్న సరుకుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటితే, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్)గా తెచ్చిన నిబంధన ప్రకారం ఆ ఖర్చును పన్ను లెక్కలో డబ్బు కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు తీసిన వీడియోలో ఎందుకుంటుంది?

ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికలు చూడండి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు, వినడం ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఎన్‌పీటీఈఎల్ జనవరి బ్యాచ్‌లో చేర్పిస్తే 12 వారాల కోర్సు కూడా కాయ దిగేలోపు అయిపోతుంది. జూలై బ్యాచ్ జోలికి మాత్రం పోకండి, కాయ కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే అసైన్‌మెంట్ ఎవరు రాస్తారు?

అన్నట్టు, కాయ కొనడం ఏ కోర్సూ నేర్పదు. 2025లో ధర పడిపోయి తోతాపురి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చిన సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. దానికి మీ దగ్గరున్న పాత బయ్యరునే కొత్తవాళ్ల పక్కన కూర్చోబెట్టండి.

ప్రశ్న: ఎంబీఏ చేశాను. రేణిగుంటలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ స్టోర్స్‌లో రెండేళ్లుగా చేస్తున్నాను. సీపీఎస్‌ఎం (సప్లై మేనేజ్‌మెంట్‌లో ఒక అమెరికన్ సర్టిఫికెట్) చేయమని స్నేహితులు అంటున్నారు. మంచిదేనా సార్?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మంచిదే కానీ ఇప్పుడే కాదమ్మా. డిగ్రీ ఉన్నవాళ్లకు దానికి మూడేళ్ల అనుభవం అడుగుతారు, పైగా అది కొనుగోళ్ల వైపు వాళ్లకు. మీరున్నది స్టోర్స్ కాబట్టి ప్లానింగ్, ఇన్వెంటరీ మీద నడిచే సీపీఐఎం (CPIM) సర్టిఫికెట్ మీ పనికి దగ్గర. ఫీజు డాలర్లలో కాబట్టి గట్టిగానే తగులుతుంది. అంత పెట్టే ముందు శ్రీసిటీ కంపెనీల ఉద్యోగ ప్రకటనలు ఒక నెల పాటు గమనించండి, ఎక్కువమంది అడిగేది శాప్ (SAP) సాఫ్ట్‌వేర్ అనుభవమైతే ముందు ఆఫీసులోనే ఆ స్క్రీన్ల మీద చేయి తిప్పుకోండి. ఫీజు విషయం హెచ్‌ఆర్‌ను కూడా అడగండి, పరీక్ష పాసయ్యాక డబ్బు తిరిగి ఇచ్చే కంపెనీలున్నాయి. ఇస్తే తర్వాత ఎన్నాళ్లు అక్కడే పనిచేయాలని బాండ్ రాయించుకుంటారో చదివి సంతకం పెట్టండి.