వీధికుక్క ఇంటి కుక్క అయ్యేదాకా

చిరంజీవి స్వాతికి, దొడ్డమ్మ ఆశీస్సులు.

షెల్టరు నుంచి రెండేళ్ల వీధికుక్కని తెచ్చుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషించానో చెప్పలేను. వచ్చినప్పటి నుంచీ మంచం కిందే ఉంటోందని నువ్వు ఫోన్లో టెన్షన్ పడుతుంటే, ఇవన్నీ ఫోన్లో చెబితే తేలవని రాస్తున్నాను.

దాన్ని బయటికి లాగొద్దు. నీళ్ల గిన్నె అక్కడికే జరుపు. ఆ గదిలోనే నేలమీద కూర్చుని నీ పని చూసుకో. కళ్లలోకి చూడకు, పేరు పెట్టి పదేపదే పిలవకు. రాళ్ల దెబ్బలు తిన్న కుక్క తలమీదకి చెయ్యి వస్తుంటే కొట్టడానికే అనుకుంటుంది. అదే వచ్చి నీ చెయ్యి వాసన చూశాక గదవ కింద మెల్లగా గోకు, రెండు క్షణాలాగి చెయ్యి తీసెయ్యి. మళ్లీ కావాలంటే అదే ముందుకు జరుగుతుంది. కుక్కల్ని చేరదీసేవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. బెదురు కాస్త తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది. అంతవరకూ దాని దగ్గర ప్రేమ ఆశించకు, వేళ మాత్రం తప్పకు. తిండి, నడక, పడక రోజూ ఒకే వేళకి జరుగుతుంటే దాని గుండె దడ అదే తగ్గుతుంది. చూడ్డానికి వస్తామన్న చుట్టాలని నెల్లాళ్లు ఆగమను. తింటున్నప్పుడు గిన్నె జోలికి ఎవరూ వెళ్లకూడదు.

అన్నిటికన్నా నాకు భయం తలుపు దగ్గరే. కొత్తగా వచ్చిన కుక్క కాస్త సందు దొరికితే పారిపోతుంది, బెదిరితే మెడపట్టీలోంచి తల లాగేసుకుంటుంది. అందుకని మెడపట్టీ, ఒంటికి వేసే హార్నెస్ రెండూ వేసి, రెండిటికీ తాడు కట్టు. పట్టీ మీద నీ ఫోన్ నంబరు ఉండాలి. మట్టిలో పోసుకోవడం అలవాటైనదానికి గచ్చుమీద రాదు, పొద్దున్నే గోదావరి గట్టు వైపు గడ్డి ఉన్నచోటికి తీసుకెళ్లు. ఇంట్లో పోస్తే తిట్టకు, వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచెయ్యి. ఫినాయిల్ మాత్రం వద్దు, అది వాటికి పడదు.

తిండి సంగతి నీకు తెలిసిందే. అన్నం, ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కాస్త పెరుగు చాలు. మనవాళ్లు ప్రేమకొద్దీ చేపల పులుసు కలిపి పెట్టేస్తారు. అందులో ముళ్లు ఒకటి, ఉల్లిపాయ ఒకటి. ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ఉడికిన ఎముకలు పుల్లల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. చాక్లెట్టు, ద్రాక్ష, పాయసంలో కిస్మిస్ కూడా పెట్టకూడదు. జ్వరం వచ్చిందని మన పారాసెటమాల్ బిళ్ల వేయడం ఇంకా ప్రమాదం.

మన గోదావరి తేమకి పిడుదులు విపరీతం. రోజూ నడక నుంచి రాగానే చెవుల మడతల్లో, కాలివేళ్ల మధ్య, మెడపట్టీ కింద, తోక మొదట్లో వేళ్లతో తడిమి చూడు. రక్తం తాగిన పిడుదు ఆముదం గింజలా ఉబ్బి బూడిదరంగులో ఉంటుంది. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగు. ఊళ్లో కిరసనాయిలు రాయమంటారు, వినకు. అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే లోపలికీ పోతుంది. తిండి మానేసి నీరసంగా పడుకుంటే పెదవి పైకెత్తి చిగుళ్లు చూడు. గులాబీ రంగు పోయి పాలిపోతే, ముక్కులోంచి రక్తం కారితే పిడుదుల జ్వరం అయి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరుకి చూపించి రక్త పరీక్ష చేయించు.

వానాకాలం ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనకీ అంటుకుంటుంది. గుంటల్లో నీళ్లు తాగనివ్వకు. ఆ జబ్బుకీ, కుక్కల ప్రాణం తీసే పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకీ కలిపి వేసే టీకాలున్నాయి. రేబిస్ టీకా ఏటా తప్పదు. జూలై 6న జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల గురించి జరిపే రోజున, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు. అది నీ కుక్కే అయినా పన్ను గాటు పడితే పావుగంటసేపు ధార కింద సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లు. దాని చెవి కొస కత్తిరించి ఉందేమో చూడు, అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినదానికి గుర్తు. కాకపోతే చేయించు. ముదిరిన వయసులో గర్భసంచిలో చీము పట్టే బాధ తప్పుతుంది.

ఎండాకాలం నడకకి వెళ్లేముందు రోడ్డు మీద నీ అరచెయ్యి వెనకభాగం ఆనించి చూడు. అయిదు క్షణాలు నువ్వు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

అపార్ట్‌మెంటువాళ్లు కుక్కని వద్దనడానికీ, లిఫ్టులో ఎక్కనివ్వకపోవడానికీ వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా ఆ కాగితం పట్టుకుని గొడవకి దిగకు. పెద్దవాళ్లో, పిల్లలో లిఫ్టులో ఉంటే తర్వాత వెళ్లు. సంచీ జేబులో పెట్టుకుని అది వెళ్లినది నువ్వే ఎత్తెయ్యి. చాలావరకు గొడవలు అక్కడే ఆగిపోతాయి.

దీపావళి రాత్రి కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి దాని దగ్గరే ఉండు. సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్నీ తీసుకురా. కారులోనే రా, బయల్దేరే ముందు మూడు గంటలు ఏమీ పెట్టకు. మా వీధి కుక్కలు కొత్తదాన్ని చూస్తే మీదికొస్తాయి కాబట్టి గేటు దాటేటప్పుడు ఎత్తుకోవాల్సి వస్తుంది. పెరటి గేటు గొళ్లెం వదులుగా ఉంది, మీ పెదనాన్న చేత పండగలోపు బాగు చేయిస్తాను.

నీ దొడ్డమ్మ