శ్రీలంకలోని హంబన్‌టోట రేవును చైనా అప్పు కింద జప్తు చేసుకుందా?

లేదు, అది జప్తు కాదు. 2017లో శ్రీలంక ఆ రేవును 99 ఏళ్ల లీజుకు ఇచ్చి, చైనా మర్చంట్స్ పోర్ట్ సంస్థ నుంచి సుమారు 112 కోట్ల డాలర్లు తీసుకుంది. ఆ సొమ్ము విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లింది. రేవు కట్టడానికి చేసిన అప్పు అలాగే మిగిలింది. అప్పట్లో కొలంబో మెడకు ఎక్కువగా బిగిసినవి అంతర్జాతీయ మార్కెట్లో బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మి తెచ్చిన అప్పులు. మన చర్చల్లో ఈ సంగతి దాదాపు వినిపించదు, వినిపించాలి.

అలాగని చైనా పలుకుబడిని తీసిపారేయలేం. 2022 ఆగస్టులో భారత్ అభ్యంతరం చెప్పినా, ఉపగ్రహాల జాడ పట్టే చైనా నౌక యువాన్ వాంగ్ 5 అక్కడే లంగరు వేసింది. అదే ఏడాది ఆర్థిక సంక్షోభంలో ఇంధనం, ఆహారం, మందుల కోసం శ్రీలంకకు దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది మాత్రం భారతదేశమే.