లాగ్ చెరిపే ముందు పిన్ని మాట

బుజ్జీ,

నలభై విండోస్ సర్వర్ల ఈవెంట్ లాగ్స్, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో మిషన్ రాసుకునే చిట్టాలు, ఒకే స్క్రిప్ట్‌తో బ్యాకప్ తీసి ఖాళీ చేయబోతున్నావని అక్క చెప్పింది. మా ఇంట్లో నా పని అందుకున్న దానివి నువ్వొక్కదానివే, గర్వంగా ఉండదా! కానీ ‘ఖాళీ’ అనగానే నాకు టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

సర్వర్ల పేర్లు వేరే టెక్స్ట్ ఫైల్‌లో పెట్టుకో. నీ మిషన్ నుంచి వాటి లాగ్స్ అందాలంటే, ఆ సర్వర్ల ఫైర్‌వాల్‌లో రిమోట్ ఈవెంట్ లాగ్ మేనేజ్‌మెంట్ రూల్ ఆన్ చేయించు. స్క్రిప్ట్‌లో పాస్‌వర్డ్ రాశావో, వచ్చి చెవి మెలేస్తాను.

ఇక అసలు సంగతి. విండోస్ సర్వర్ 2003 రోజులవి, స్క్రిప్టులు వీబీస్క్రిప్ట్ అనే భాషలో రాసేవాళ్లం. నా పక్క సీటు కుర్రాడు చురుకైనవాడే. నెలనెలా లాగ్స్ బ్యాకప్ తీసి చెరిపే స్క్రిప్ట్ రాశాడు. ఫైల్ పేరు మాత్రం ప్రతి నెలా ఒకటే, సెక్యూరిటీ డాట్ ఈవీటీ. మొదటి నెల బాగానే నడిచింది. రెండో నెల నుంచి బ్యాకప్ 183 అని జవాబిస్తోంది, అంటే ఆ పేరుతో ఫైల్ ముందే ఉందని. 0 వస్తేనే కాపీ అయినట్టు. ఆ అంకెను స్క్రిప్ట్ చూడలేదు, మనుషులూ చూడలేదు. తర్వాతి లైన్‌లో ఉన్న క్లియర్ మాత్రం నెలనెలా తన పని తాను చేసుకుపోయింది.

కొన్నాళ్లకి అకౌంట్స్‌లో ఒకాయన మీద అనుమానం వచ్చింది. రాత్రిపూట ఆయన ఐడీతో ఎవరో లాగిన్ అయ్యారు. ఏ మిషన్ నుంచన్నది లాగిన్‌లను నమోదు చేసే 528, 540 నంబర్ల ఈవెంట్లలో ఉండాలి. ఫైల్ తెరిస్తే ఆ మొదటి నెల తప్ప ఏమీ లేదు. ఆయన మా గదిలో కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ, ‘ఇంకోసారి చూడండమ్మా’ అన్నాడు. ఏం చూస్తాం? ఏదీ తేలకుండానే ఆయన్ని బదిలీ చేశారు. తప్పు ఆయనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. లాగ్ చెరపడమంటే నాకు అందుకే భయం.

నీకు వెవ్ట్‌యుటిల్ ఉంది, లాగ్స్ కోసమే ఉన్న విండోస్ కమాండ్. దాన్లో చెరిపే ‘సీఎల్’కి బ్యాకప్ తీసే ‘స్లాష్ బీయూ’ జత చేస్తే కాపీ, చెరపడం ఒకే కమాండ్‌లో అయిపోతాయి. విడివిడిగా చేస్తే ఆ మధ్యలో వచ్చిన ఈవెంట్లు గల్లంతే. విండోస్ స్క్రిప్ట్ భాష పవర్‌షెల్ 5.1లో ఉండే క్లియర్-ఈవెంట్‌లాగ్ కమాండ్ కాపీ తీయదు, దాని జోలికి పోకు. ‘స్లాష్ ఆర్’తో రిమోట్‌లో నడిపినప్పుడు నువ్వు రాసే డీ డ్రైవ్ అవతలి సర్వర్‌ది, నీది కాదు. ఫైల్ పేరులో సర్వర్ పేరు, తేదీ, టైమ్ మూడూ ఉండాలి. ఆ ఫైల్ మీ నెట్‌వర్క్ షేర్ ఫోల్డర్‌లోకి వచ్చాక తెరిచి చూసి, గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్ ఇచ్చే వేలిముద్రలాంటి కోడ్ రెండు చోట్లా సరిపోతేనే సర్వర్ మీది కాపీ తీసెయ్.

ఇంకొకటి. సెక్యూరిటీ లాగ్ చెరిపితే 1102 అనే ఈవెంట్ పడుతుంది, అందులో నీ అకౌంట్ పేరు ఉంటుంది. మిగతా లాగ్స్‌కి 104. జాడ దొరక్కుండా దొంగలు చేసే పనీ ఇదే కదా! సెక్యూరిటీ టీమ్‌కి ముందే మెయిల్ పెట్టు, నోటిమాటగా వద్దు. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు ఉంచాలి, ఆ లెక్కన షేర్‌లో చోటు చూసుకో. అసలు చెరపాలా అని కూడా మీ బాస్‌ని అడుగు. సెక్యూరిటీ లాగ్ సైజు మామూలుగా 20 ఎంబీయే ఉంటుంది. పెంచితే సరిపోతుందేమో. నిండగానే తనే ఆర్కైవ్ చేసుకునే సెట్టింగ్ కూడా ఉంది.

అడుగుతున్నానని విసుక్కోకు తల్లీ. ముందు రెండు టెస్ట్ మిషన్ల మీద నడుపు. ఆ ఫైల్ పేరే కావాలని మళ్లీ ఇచ్చి రెండోసారి నడుపు. అప్పుడు నీ స్క్రిప్ట్ ఎర్రర్ చూపించి ఆగిందో, ‘అంతా ఓకే’ అందో నాకు ఫోన్ చేసి చెప్పు. రాత్రయినా ఫర్వాలేదు, అన్నం తిన్నాక చెయ్యి.

పిన్ని