టెక్ సందేహాలు: డాలస్‌లో ఓనరు, కూకట్‌పల్లిలో ఫ్లాటు

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు అద్దెకిచ్చాం. ఇన్నాళ్లూ నాన్నగారు చూసుకునేవారు. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు అటు వెళ్లలేకపోతున్నారు. ఫోన్లో చూసుకునేలా హాల్లో వైఫై కెమెరా పెట్టిద్దామనుకుంటున్నాం. ఏది కొనమంటారు?
– ఓ పాఠకుడు, డాలస్

జవాబు: ఏదీ కొనొద్దు. తాళాలు చేతికిచ్చాక ఆ హాలు వాళ్లది. లుంగీ కట్టుకుని అన్నం తింటున్న మనిషిని డాలస్ నుంచి చూసి మీరు చేసేదేముంది? అయినా ఆ కెమెరా నడవాల్సింది వాళ్ల వైఫై మీదే. ప్లగ్గు పీకితే అంతే సంగతులు.

దానికన్నా కరెంటు మీటరు నయం. బిల్లు మీదున్న యూనిక్ సర్వీస్ నంబరును ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో చేర్చుకుంటే, బాకీ ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. యూనిట్ల కోసం ప్రతి నెలా బిల్లు ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. 180 ఉండే యూనిట్లు ఉన్నట్టుండి 420 అయితే అడగండి. కొత్త ఏసీ కావచ్చు, గీజరు పాడై ఉండొచ్చు, మీకు చెప్పకుండా మరో నలుగురు దిగి ఉండొచ్చు. మే నెలలో మాత్రం అడక్కండి, ఎవరింట్లోనైనా అంతే!

అమెరికా నంబరుతో యూపీఐకి 2023లోనే అనుమతి వచ్చింది. మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) ఆ సదుపాయం ఉందో లేదో బ్యాంకును అడగండి. అద్దె కూడా మామూలుగా ఆ ఖాతాలోకే వేయించుకుంటారు.

మీరు అడగలేదు గానీ, అసలు తలనొప్పి టీడీఎస్, అంటే అద్దె ఇచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దె ఎంత తక్కువైనా అద్దెకున్నవాళ్లు మామూలుగా 31.2 శాతం పట్టుకుని కట్టాలి. 25 వేల అద్దెలో 7,800 అన్నమాట. చాలామందికి ఈ సంగతే తెలియదు, నోటీసొచ్చాక గొడవలు. మీ పన్ను అంత పడదనుకుంటే, తక్కువ కోతకు సర్టిఫికెట్ కోసం ఆదాయపు పన్ను శాఖకు ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈసారి అద్దెకు ఎవరైనా కొత్తగా దిగేటప్పుడు వీడియో కాల్‌తో సరిపెట్టకండి. సింకు కింద పైపు, బాత్రూమ్ కుళాయిలు, మీటరు రీడింగు కనబడేలా వాళ్లచేతే వీడియో తీయించి, ఇద్దరూ చూడగలిగే గూగుల్ డ్రైవ్ ఫోల్డర్లో పెట్టించండి. అడ్వాన్సు తిరిగిచ్చే రోజున అదే పనికొస్తుంది.