గే ప్రేమకథలో హీరో చివరికి చనిపోవాల్సిందేనా?

హన్మకొండలో డిగ్రీ చదివే ఇద్దరబ్బాయిల ప్రేమకథ రాస్తున్నానన్నారు. ఇంట్లో తెలిశాక ఒకతను డిప్రెషన్‌లోకి వెళ్తాడు, ఆఖరి అధ్యాయంలో ఆత్మహత్య చేసుకుంటాడు. పాఠకులు నమ్ముతారా అని అడిగారు. నేను గేని, మాది హన్మకొండే, డిప్రెషన్‌కి మందులు వాడినవాణ్ణి. నమ్ముతారు, ఇలాంటి చావును మనవాళ్లు చాలా తేలిగ్గా నమ్మేస్తారు. అందుకే అడుగుతున్నా, ఆ అబ్బాయిని బతికించండి.

మీ కథలో ఓనర్‌కి అనుమానం వచ్చి రూమ్ ఖాళీ చేయిస్తాడు. మన దగ్గర అలా జరగడం నేను చూడలేదు. నయీంనగర్‌లో ఇద్దరు బ్యాచిలర్లు ఒకే రూమ్‌లో ఉంటే ఎవరికీ పట్టదు. భద్రకాళి చెరువు కట్ట మీద భుజాల మీద చేతులేసుకుని నడిచినా దోస్తులే అనుకుంటారు. భయం మొదలయ్యేది సంబంధాలు వచ్చినప్పుడు. మేనమామ ఫోన్‌లో ఫొటో పంపుతాడు. "ఒక్కసారి పోయి చూసొద్దాం బిడ్డా, నచ్చకుంటే వద్దందాం" అంటుంది అమ్మ. తిట్టే నాన్నకైతే ఎదురు చెప్పొచ్చు, ఇంత మెత్తగా అడిగే అమ్మకు ఏం చెప్తాం? నేను కుంగిపోయింది అక్కడే. మీ నవలలో కొట్టే తండ్రి బదులు అలాంటి తల్లిని పెట్టి చూడండి.

డిప్రెషన్ అనగానే మీరు ఏడుపు రాశారు. నాకు ఏడుపు కూడా రాలేదు. తెల్లవారుజామునే మెలకువ వచ్చేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. స్నానానికి లేవబుద్ధయ్యేది కాదు. ఫోన్ మోగుతుంటే స్క్రీన్ మీద నేను ప్రేమించినతని పేరు చూస్తూ పడుకునేవాణ్ణి, ఎత్తేవాణ్ణి కాదు. "ఏం చేస్తున్నవ్ రా" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. చచ్చిపోవాలనీ అనిపించేది. నేను లేకపోతే అందరికీ టెన్షన్ వదులుతుందన్నది అప్పుడు న్యాయంగానే తోచేది. అది జబ్బు మాట్లాడించిన మాటని తగ్గాకే తెలిసింది.

అతను కాజీపేట నుంచి స్టీలు డబ్బాలో పెరుగన్నం తెచ్చేవాడు. మూత తీసి నా చేతిలో పెట్టి, గోడకానుకుని కూర్చునేవాడు. తినేదాకా మాట్లాడేవాడు కాదు. అయినా ప్రేమతోనే నయమైందని మాత్రం రాయకండి. ఆ కథ చదివి, ప్రియుణ్ణి పోగొట్టుకున్నవాళ్లు తమ ప్రేమే చాల్లేదనుకుంటారు. నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది అతనే, నయం చేసింది వైద్యం. మొదట చూసిన డాక్టర్ "పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. తర్వాతి డాక్టర్ డిప్రెషన్‌కి వైద్యం చేసింది, నేను గే కావడాన్ని ముట్టుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. దాన్ని మారుస్తామంటూ చేసే చికిత్సను మన జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తన అంది. ఇద్దరు డాక్టర్లనూ కథలోకి తీసుకురండి. మందు మొదలుపెట్టాక గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. ఈలోపు నోరు ఎండిపోవడం, మత్తు, "ఇంకా తగ్గలేదా" అన్న విసుగు, ఇద్దరి మధ్య గొడవలు. నవలకు కావాల్సినంత సరుకు ఆ వారాల్లోనే ఉంది.

ఆత్మహత్యాయత్నం తప్పదనుకుంటే, ఎలా చేశాడన్న వివరం ఒక్క ముక్క కూడా వద్దు. ఆ స్థితిలో ఉన్న పాఠకుడు మిగతా నవలంతా వదిలేసి దాన్నే పట్టుకుంటాడు. నేనైతే పట్టుకునేవాణ్ణి. పోలీసులు జైలంటూ బెదిరించే సీనూ తీసేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అలా ప్రయత్నించినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, వేరేలా రుజువైతే తప్ప శిక్షించకూడదు. పోలీసుల భయంతోనే ఇళ్లల్లో విషయం దాచేస్తారు.

పెళ్లితో ముగించాలన్నా కుదరదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు మన ప్రేమ నేరం కాదంది గానీ, 2023లో పెళ్లిని గుర్తించలేదు. వాళ్లిద్దరూ ఒక అద్దె ఇంట్లో ఉండి, ఒకతను ఇంకా మందులు వాడుతూ, అమ్మతో మళ్లీ ఫోన్‌లో మాట్లాడుతుంటే నాకు అదే మంచి ముగింపు.

పుస్తకం మొదటి పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వేయండి. ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. ఇది రాస్తూ మీకే మనసు బాగోకపోతే నవల పక్కన పెట్టి ముందు ఆ నంబర్‌కి ఫోన్ చేయండి. డ్రాఫ్ట్ పంపితే నేను చదువుతాను.