గురి సరిగానే ఉన్నా గుండు ఎందుకు తప్పుతోంది?
మెక్‌వారియర్ ఆన్‌లైన్ (మెక్‌లనే భారీ యుద్ధ రోబోలను నడిపి పోరాడే వీడియో గేమ్): పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా మెక్‌కి రెండు పక్కలా చెరో ఆటోకానన్ (గుళ్లు పేల్చే పెద్ద తుపాకీ) ఉంది. నిలబడ్డ శత్రువుకి రెండు గుళ్లూ ఒకేచోట తగులుతాయి. అడ్డంగా పరిగెత్తేవాడికి లీడ్ ఇచ్చి, అంటే వాడు చేరబోయే చోటుకి ముందుగానే గురిపెట్టి కొడితే మాత్రం ఒకటి ముందునుంచి, ఒకటి వెనకనుంచి పోతున్నాయి. లీడ్ సరిపోవడం లేదా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ లీడ్ బాగానే ఉంది. తేడా అంతా ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో క్రాస్‌హెయిర్ (తెరమీది గురి గుర్తు) కింద ఏముందన్న దాంట్లో ఉంది. ఈ ఆటలో ఆయుధాలు ఎంత దూరంలో కలుసుకోవాలో మనం ముందుగా పెట్టుకోలేం. క్రాస్‌హెయిర్ దేనిమీద పడితే దాని దూరానికి తుపాకులన్నీ అప్పటికప్పుడు సర్దుకుంటాయి. దీన్నే కన్వర్జెన్స్ అంటారు. శత్రువు ఒంటిమీద గురి పెట్టినంతసేపూ ఇబ్బంది లేదు. లీడ్ ఇచ్చారంటే గురి అతన్ని దాటి, వెనకున్న కొండ మీదికి వెళ్లిపోతుంది. తుపాకులు ఆ కొండ దూరాన్నే పట్టుకుంటాయి.

లెక్క వేసి చూడండి. శత్రువు 300 మీటర్ల దూరంలో గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల చొప్పున పోతున్నాడనుకుందాం. మీ గుండు వేగం సెకనుకు 1000 మీటర్లయితే చేరడానికి 0.3 సెకను పడుతుంది. కాబట్టి 6 మీటర్లు ముందుకి కొట్టాలి. అక్కడ క్రాస్‌హెయిర్ కింద ఉన్నది 900 మీటర్ల దూరంలోని గుట్ట. మీ కానన్ల మధ్య ఎడం 4 మీటర్లనుకుంటే గుళ్లు 900 మీటర్ల దగ్గర కలుస్తాయి. 300 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ఎడంలో మూడో వంతే తగ్గి, ఇంకా సుమారు 2.7 మీటర్లు మిగిలి ఉంటుంది. గురి కింద ఆకాశం ఉంటే ఇంకా అన్యాయం, గుళ్లు దాదాపు సమాంతరంగా పోతాయి. పక్కనుంచి చూస్తే సన్నగా కనపడే మెక్‌కి అటొకటి ఇటొకటి పోవడంలో వింత లేదు.

క్రాస్‌హెయిర్ దగ్గర, గురి కింద ఉన్నదాని దూరం మీటర్లలో ఒక అంకెగా కనిపిస్తుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు, నిజానికి లీడ్ కంటే ముందు చూడాల్సింది అదే. శత్రువు దూరం 300, గురి దగ్గరి అంకె 350 ఉంటే ఎడం సుమారు 0.6 మీటరే మిగులుతుంది, రెండూ కలిపి పేల్చండి. అంకె ఒక్కసారిగా 800, 900కి ఎగిరితే ఆగండి. అతను ఏ గోడ పక్కగానో, కొండ వాలు పక్కగానో వచ్చేదాకా ఓపిక పట్టండి. ఆగే వీలు లేకపోతే కుడి కానన్‌ని ఒక గ్రూపులో (ఒకే మీటతో పేలే ఆయుధాలు), ఎడమదాన్ని ఇంకో గ్రూపులో పెట్టుకుని విడివిడిగా కొట్టండి. కుడిది పేల్చేటప్పుడు గురిని కాస్త ఎడమకి, ఎడమది పేల్చేటప్పుడు కాస్త కుడికి జరపాలి. పై లెక్కలో ఆ జరుపు 1.3 మీటర్లు. అసలు మందు మాత్రం మెక్‌కి ఆయుధాలు అమర్చుకునే మెక్‌ల్యాబ్‌లోనే ఉంది. బరువైన కానన్లు రెండూ ఒకే పక్క పడితే వాటి మధ్య ఎడం దాదాపు ఉండదు. కాకపోతే ఆ పక్క ఊడితే రెండూ పోతాయి, అది తెలిసే పెట్టుకోవాలి.

లేజర్లకి ఈ గొడవ లేదు. కాంతి వెంటనే తగులుతుంది కాబట్టి లీడ్ అక్కర్లేదు, గురి ఎప్పుడూ శత్రువు ఒంటిమీదే ఉంటుంది. కాల్చినంతసేపూ గురి జారకుండా చూసుకుంటే చాలు.

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధం విమానాల్లోలా కలయిక దూరాన్ని మనమే స్థిరంగా పెట్టుకోవచ్చా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఈ ఆటలో కుదరదు. స్పిట్‌ఫైర్, హరికేన్ రెక్కల్లోని తుపాకులను నేలమీదే సర్ది ఒక దూరానికి బిగించేవారు. 1940లో పైలట్ల అనుభవం చూసి ఆ దూరాన్ని 400 గజాల నుంచి 250కి తగ్గించారు. మెక్‌లో ఆ ఎంపిక ఉంటే వరంగల్ పాఠకుడి సమస్య చాలావరకు తీరేది. మనకంటూ ఒక దూరం ఎంచుకుని, ఆ దూరంలోనే పోరాడటం నేర్చుకునేవాళ్లం.

ప్రశ్న: తెరమీద సున్నా ఒకటి, ప్లస్ ఒకటి కనిపిస్తున్నాయి. దేన్ని చూసి కొట్టాలి? – ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: సున్నా చేతుల ఆయుధాలది, ప్లస్ మొండెం ఆయుధాలది. చేతులు చురుగ్గా తిరుగుతాయి, మొండెం నెమ్మదిగా వెంట వస్తుంది. రెండూ కలవకముందే అన్నీ పేలిస్తే మొండెం గుళ్లు వేరేచోట పడతాయి. ఆర్మ్ లాక్ వేసుకుంటే రెండు గుర్తులూ కలిసే కదులుతాయి, కొత్తవారికి అదే మేలు. పక్కకి దూసుకొచ్చే తేలిక మెక్‌ని పట్టాలన్నా, పైన గట్టుమీద ఉన్నవాణ్ణి అందుకోవాలన్నా లాక్ వదలాలి. జాగర్‌మెక్ అనే మోడల్ చేతులకి ముంజేయి కీలు లేదు. అవి పైకీ కిందికీ ఆడతాయి గానీ పక్కకి తిరగవు, పక్క గురికి మొండెమే తిప్పాలి.

ప్రశ్న: గట్టు వెనకనుంచి శత్రువు స్పష్టంగా కనిపిస్తాడు. కొడితే గుండు నా ముందున్న మట్టిలోనే దిగుతోంది. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు చూసేది కాక్‌పిట్ ఎత్తునుంచి, గుండు బయల్దేరేది తుపాకీ ఎత్తునుంచి. అట్లాస్ ఏఎస్7-డి అనే మెక్‌లో పెద్ద కానన్ నడుం దగ్గర ఉంటుంది. కళ్లు గట్టు దాటినా గొట్టం దాటదు. ఇంకో రెండడుగులు ఎక్కి, ఒళ్లు బయటపెట్టే కొట్టాలి. హంచ్‌బ్యాక్ 4జిలో అది కుడి భుజం మీదుంటుంది కాబట్టి తల చూపిస్తే సరిపోతుంది. గట్టు చాటు ఆట ఇష్టమైతే మెక్ కొనేముందు టన్నుల కంటే తుపాకుల ఎత్తు చూడండి. ఇక్కడ టెస్టింగ్ గ్రౌండ్స్ (ఆటలోని సాధన మైదానం) బాగా పనికొస్తుంది. ఏదైనా గట్టు వెనక ఆగి, ఒక్కో ఆయుధాన్నీ విడిగా పేలుస్తూ ఏది మట్టికి తగులుతోందో గుర్తుపెట్టుకోండి. తగిలేవన్నీ ఒక గ్రూపు, దాటేవన్నీ ఇంకో గ్రూపు.

ప్రశ్న: ఈ ఆటకి మూలమైన బోర్డు గేమ్‌లో పాచిక వేసి గుండు ఎక్కడ తగిలిందో తేలుస్తారు కదా. ఇక్కడా అలా పెడితే గొడవ ఉండదుగా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బ్యాటిల్‌టెక్ బోర్డు ఆటలో ప్రతి ఆయుధానికీ విడిగా రెండు పాచికలు వేస్తారు. ముందునుంచి కొడితే 7 పడితే నడి మొండెం, 12 పడితే తల. దెబ్బలు ఒళ్లంతా చెదిరిపోతాయని కవచం కొలతలు అందుకు తగ్గట్టే పెట్టారు. వీడియో గేమ్‌లో అన్నీ ఒకే బిందువులో దిగడంతో కవచాన్ని రెట్టింపు చేశారు. తల కవచం అక్కడ 9 అయితే ఇక్కడ 18. అదీ చాలక 2013లో ఘోస్ట్ హీట్ తెచ్చారు: ఒకే రకం ఆయుధాలు పరిమితికి మించి అర సెకను లోపు పేలిస్తే మెక్‌కి శిక్షగా అదనపు వేడి పడుతుంది. గురిని పాచికలకి వదిలేయడం కంటే ఇదే నయం. నేర్పుతో పెట్టిన గురి యాదృచ్ఛికంగా తప్పితే ఆడేవాడికి సాధన చేయడానికి ఏమీ మిగలదు. పైగా ఘోస్ట్ హీట్ వల్ల ఆయుధాలను రెండు విడతలుగా, అర సెకను పైగా ఎడమిచ్చి కొట్టడం అలవాటవుతుంది. రెండో విడతకి ముందు క్రాస్‌హెయిర్ దగ్గరి అంకెను మళ్లీ చూసుకునే వీలూ దొరుకుతుంది.